తెలిసినదేదో, ఊహించినదేదో విడదీసి చెప్పండి

భారత నౌకాయాన శాఖ అధికారులకు, తీర కార్యాలయాల్లో కూర్చుని యుద్ధ జలాల్లోని ఓడలకు ఆదేశాలు పంపే నౌకా సంస్థల పెద్దలకు,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఉంటున్న విశ్రాంత మెరైన్ ఇంజినీరును. ఇరవై తొమ్మిదేళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశాను. ఈ లేఖ ద్వారా మిమ్మల్ని కోరేది ఒక్కటే. ప్రమాదమున్న సముద్రంలో పోతున్న ఓడకు దారి మార్చమనో, వేగం పెంచమనో, తోడుగా వస్తున్న యుద్ధనౌకలను విడిచి ఒంటరిగా వెళ్లమనో ఆదేశం పంపినప్పుడు, ఆ ఆదేశానికి ఆధారమేమిటో, అందులో మీకు రూఢిగా తెలిసింది ఎంతో, మీరు ఊహించింది ఎంతో అదే సందేశంలో కెప్టెన్‌కు చెప్పాలన్న నియమం పెట్టండి. ఎనభై ఏళ్ల కిందట ఆర్కిటిక్ సముద్రంలో ఈ ఒక్క పని జరగకపోవడం వల్ల ఎన్ని ఓడలు మునిగాయో, ఎంతమంది నావికులు పోయారో మీకు గుర్తు చేయాలని ఇది రాస్తున్నాను.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దండెత్తింది. రెండు నెలలు తిరగకముందే బ్రిటన్ నుంచి సాయం బయలుదేరింది. ‘డెర్విష్’ అని పేరు పెట్టిన ఆ తొలి కాన్వాయ్‌లో, అంటే యుద్ధనౌకల కాపలాతో గుంపుగా సాగే ఓడల దండులో, ఆరు వాణిజ్య నౌకలు, ఒక ఇంధన నౌక ఉన్నాయి. రబ్బరు, తగరం, భాగాలుగా విడదీసి పెట్టెల్లో సర్దిన 15 హరికేన్ యుద్ధ విమానాలు మోసుకుని అవన్నీ ఆగస్టు 31న క్షేమంగా రష్యా ఉత్తర తీరంలోని ఆర్ఖాంగెల్స్క్ రేవు చేరాయి. అది మొదలు 1945 మే వరకు వెళ్లినవీ తిరిగి వచ్చినవీ కలిపి 78 కాన్వాయ్‌లు ఆ దారిన నడిచాయి. సుమారు 1,400 వాణిజ్య నౌకలు దాదాపు 40 లక్షల టన్నుల సరుకు చేరవేశాయి. ఆ క్రమంలో 85 వాణిజ్య నౌకలు, 16 బ్రిటిష్ యుద్ధనౌకలు సముద్రం పాలయ్యాయి. చనిపోయినవారు సుమారు 3,000 మంది.

నా వాదనకు బలం కావాలని ఈ దారి గొప్పదనాన్ని పెంచి చెప్పను. మిత్రదేశాలు సోవియట్ యూనియన్‌కు పంపిన మొత్తం సాయంలో ఆర్కిటిక్ మీదుగా వెళ్లింది నాలుగో వంతుకు కొంచెం తక్కువే. దాదాపు సగం పసిఫిక్ మీదుగా వెళ్లింది, ఇరాన్ మీదుగా వెళ్లిన భాగం కూడా పెద్దదే. అయితే ఇరాన్‌లో రైలు మార్గాన్నీ రోడ్లనూ అంత బరువుకు సిద్ధం చేయడానికి చాలా కాలం పట్టింది. పసిఫిక్ దారిలో జపాన్ కళ్లెదుట ఆయుధాలు తీసుకుపోవడానికి వీలు లేదు. జర్మన్ సేనలు మాస్కో ముంగిటికి వచ్చిన 1941 చివరి నెలల్లో యుద్ధ ట్యాంకులనూ విమానాలనూ త్వరగా అందించగలిగిన దారి ఉత్తర సముద్రాలదే.

ఆ దారిలో ఏ కాలమూ మంచి కాలం కాదు. రష్యాలోని మర్మాన్స్క్ రేవు ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉన్నా, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం చలవతో చలికాలంలోనూ గడ్డకట్టదు. ఆర్ఖాంగెల్స్క్‌కు ఆ అదృష్టం లేదు. వేసవిలో సముద్రపు మంచు ఉత్తరానికి తగ్గి, శత్రువుకు దూరంగా జరిగి వెళ్లడానికి చోటిస్తుంది గాని, ఇరవై నాలుగు గంటలూ వెలుతురు ఉండి విమానాలకు ఓడలను పట్టిస్తుంది. శీతకాలంలో చీకటి ఓడలను దాచిపెడుతుంది గాని, మంచు దక్షిణానికి దిగి వచ్చి వాటిని నార్వే తీరం వైపు నెడుతుంది. ఆ తీరమంతా అప్పుడు జర్మనీ చేతిలో ఉంది. ఎనిమిది, పది నాట్ల వేగంతో పాకుతున్నట్టు వెళ్లే సరుకు ఓడలు జర్మన్ విమానాలకూ, జలాంతర్గాములకూ, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలైన ఫ్యోర్డ్‌లలో పొంచి ఉన్న పెద్ద యుద్ధనౌకలకూ ఏకకాలంలో అందుబాటులో ఉండేవి.

చలి గురించి మాత్రం నేను చూసినదాన్ని బట్టి చెప్పగలను. ఒక జనవరిలో ఉత్తర అట్లాంటిక్‌లో మా ఓడ ముందు భాగానికి కొట్టిన కెరటపు తుంపర డెక్కు మీద పడ్డ చోటే గడ్డ కట్టుకుపోయింది. తెల్లవారేసరికి వేలు లావు ఉండే తీగ మోచేయి లావైంది, రైలింగు గోడలా మూసుకుపోయింది. ఓడ ఒక పక్కకు ఒరిగి, తిరిగి నిలబడడానికి మామూలు కంటే ఎక్కువ సేపు తీసుకోవడం ఇంజిన్ రూములో ఉన్న నాకు కాళ్ల కింద తెలిసింది. పైబరువు పెరిగితే ఓడ బోల్తా పడుతుంది కనుక, ఆ మంచును సుత్తులతో పగలగొట్టి పారబోయడం తప్ప వేరే మార్గం లేదు. మాకది ఒక్క రాత్రి పని. మర్మాన్స్క్ కాన్వాయ్‌ల శీతకాలపు ప్రయాణాల్లో అది రోజువారీ పని. గొడ్డళ్లతో, ఆవిరి గొట్టాలతో గంటల తరబడి చేసేవారు. డెక్కు మీద బరువులెత్తే ఆవిరి వించ్‌లు గడ్డకట్టి పగిలిపోకుండా, పని లేకపోయినా వాటిని నెమ్మదిగా తిప్పుతూనే ఉండేవారు. బాయిలర్లను మండించి ఆ ఆవిరి అందించే ఫైర్‌మన్లు నీటి మట్టానికి దిగువన, బాయిలర్ల ముందు చెమటలు కక్కుతూ పనిచేసేవారు. టార్పెడో తగిలేది సాధారణంగా వాళ్లు నిలబడ్డ చోటనే. ఒకవేళ పైకి రాగలిగినా, పలుచని చొక్కాతో ఆ నీటిలో పడ్డ మనిషికి మిగిలేవి కొద్ది నిమిషాలు. ఆ నావికులను తలుచుకున్నప్పుడు నా మనసు ముందుగా వెళ్లేది ఆ బాయిలర్ల దగ్గరికే.

ఇక అసలు విషయానికి వస్తాను. 1942 జూన్ 27న ఐస్‌లాండ్‌లోని హ్వాల్‌ఫ్యోర్దుర్ నుంచి పీక్యూ 17 అనే కాన్వాయ్ బయలుదేరింది. అందులో 35 వాణిజ్య నౌకలు ఉన్నాయి. ఆరంభంలోనే రెండు దెబ్బతిని వెనుదిరిగాయి. కమాండర్ జాక్ బ్రూమ్ నాయకత్వంలో డిస్ట్రాయర్లనే వేగమైన యుద్ధనౌకలు, చిన్న రక్షక నౌకలు వెంట ఉన్నాయి. కొంచెం దూరంలో, వాటికంటే పెద్ద యుద్ధనౌకలైన బ్రిటిష్, అమెరికన్ క్రూయిజర్ల దళం తోడు వచ్చింది. జూలై 4న జర్మన్ విమానాలు గుంపుగా దాడి చేసి కొన్ని ఓడలను దెబ్బతీసినా, కాన్వాయ్ వరుస తప్పలేదు. ఓడలన్నీ కలిసి కాల్పులు జరిపి దాడిని తట్టుకున్నాయి. కలిసి ఉంటే గట్టెక్కుతామన్న ధైర్యం ఆ సాయంత్రం వాళ్లకు కలిగింది.

అదే సాయంత్రం లండన్‌లోని నౌకాదళ ప్రధాన కార్యాలయంలో బ్రిటిష్ నౌకాదళ అధిపతి (ఫస్ట్ సీ లార్డ్) అడ్మిరల్ డడ్లీ పౌండ్‌ను ఒక భయం పీడిస్తోంది. జర్మనీ అతి పెద్ద యుద్ధనౌక టిర్పిట్జ్ నార్వే ఉత్తర కొసన ఆల్టా ఫ్యోర్డ్‌కు చేరింది. అది బయటికి వచ్చి కాన్వాయ్ మీద పడితే ఒక్క ఓడ కూడా మిగలదు. గూఢచార విభాగంలో జర్మన్ నౌకల కదలికలను గమనిస్తున్న నార్మన్ డెనింగ్, టిర్పిట్జ్ ఇంకా బయలుదేరలేదని నమ్మాడు. అది బయలుదేరితే తప్పక కనిపించాల్సిన గుర్తులేవీ జర్మన్ రేడియో సందేశాల్లో కనిపించలేదన్నది అతని తర్కం. కానీ అది రేవులోనే ఉందని హామీ ఇవ్వగలవా అని పౌండ్ అడిగినప్పుడు, అది బయటికి వస్తేనే తనకు సమాచారం అందుతుందని చెప్పగలిగాడు తప్ప, అంతకు మించి చెప్పలేకపోయాడు. పౌండ్ ప్రమాదం వైపే మొగ్గాడు.

అప్పుడు వెళ్లిన మూడు సందేశాలను దయచేసి ఒక ఇంజినీరు యంత్రాన్ని విప్పి చూసినట్టు విప్పి చూడండి. రాత్రి 9 గంటల 11 నిమిషాలకు మొదటిది: క్రూయిజర్ల దళం అధిక వేగంతో పడమటికి వెనుదిరగాలి. 9 గంటల 23 నిమిషాలకు రెండోది: ఉపరితల నౌకల ముప్పు కారణంగా కాన్వాయ్ విడిపోయి రష్యన్ రేవులకు వెళ్లాలి. 9 గంటల 36 నిమిషాలకు మూడోది: కాన్వాయ్ చెల్లాచెదురు కావాలి. మొదటిదానికీ మూడోదానికీ అత్యంత అత్యవసరమన్న ముద్ర ఉంది.

అందుకున్నవారి వైపు నుంచి చూడండి. ఇరవై ఐదు నిమిషాల్లో మూడు ఆదేశాలు, ఒకదాని కంటే ఒకటి తీవ్రమైనవి. బ్రూమ్‌కూ, క్రూయిజర్ల అధిపతి అడ్మిరల్ హామిల్టన్‌కూ దీనర్థం ఒక్కటే అయింది. టిర్పిట్జ్ దగ్గరలోకి వచ్చేసింది, ఏ క్షణంలోనైనా దాని పొగ దిగంతం మీద కనబడుతుంది! అందుకే బ్రూమ్ తన డిస్ట్రాయర్లను తీసుకుని, రాబోయే పోరుకు సాయంగా క్రూయిజర్ల వైపు వెళ్లాడు. వాణిజ్య నౌకల నాయకుడైన కమొడోర్‌కు క్షమాపణతో వీడ్కోలు సందేశం పంపి మరీ వెళ్లాడు. యుద్ధానికి పోతున్నామనే అనుకున్నాడు ఆ మనిషి. నిజానికి ఆ మూడో సందేశం కొత్త ప్రమాదం గురించినది కాదు. రెండో సందేశంలో వాడిన మాటకు సిగ్నల్ పుస్తకంలోని అర్థం వేరు. ఆ మాట ప్రకారం ఓడలు వరుస విడిచినా, ఒకే రేవు వైపు గుంపుగానే వెళతాయి. ఒక్కో ఓడ ఒక్కో దిక్కుకు పోవాలన్నది ఉద్దేశం కనుక, మాట దిద్ది మళ్లీ పంపారు. లండన్‌లో అది పదాల సవరణ. సముద్రం మీద అది పిడుగు.

టిర్పిట్జ్ ఆ రాత్రి రాలేదు. మరునాడు, జూలై 5 మధ్యాహ్నం, కాన్వాయ్ చెదిరిపోయాక బయలుదేరి, అదే సాయంత్రం వెనక్కి పిలిపించుకోబడింది. దాని అవసరమే లేకపోయింది. తోడు లేక ఒంటరిగా పోతున్న ఓడలను విమానాలూ జలాంతర్గాములూ ఒక్కొక్కటిగా ఏరుకున్నాయి. వెంట ఉన్న సహాయ నౌకలతో కలిపి 24 ఓడలు మునిగిపోయాయి. 153 మంది వాణిజ్య నావికులు చనిపోయారు. 430 ట్యాంకులు, 210 విమానాలు, మూడు వేలకు పైగా వాహనాలు, దాదాపు లక్ష టన్నుల సరుకు సముద్రంలో కలిసిపోయాయి. బయలుదేరిన 35 వాణిజ్య నౌకల్లో 11 మాత్రమే రేవు చేరాయి.

పౌండ్‌ను దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన భయానికి ఆధారం ఉంది, తన భుజాల మీద ఉన్న భారం చిన్నది కాదు, పెద్ద యుద్ధనౌకలను అంత తూర్పుకు, జర్మన్ విమానాల ముంగిట్లోకి పంపితే వాటినీ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. నా అభ్యంతరమల్లా ఆదేశం రాసిన తీరు మీద. ముప్పు ఉందని అన్నారే గాని, టిర్పిట్జ్ బయలుదేరినట్టు తమకు ఏ కబురూ లేదనీ, ఇది ముందుజాగ్రత్త అంచనా మాత్రమేననీ చెప్పే ఒక్క వాక్యం రాయలేదు. ఆ వాక్యం అంది ఉంటే డిస్ట్రాయర్లు వాణిజ్య నౌకల దగ్గరే ఉండిపోయేవన్నది నా నమ్మకం. వెంటాడి వస్తున్నవి విమానాలూ జలాంతర్గాములేనని తేలిన వెంటనే చెదిరిన ఓడలను మళ్లీ కూడగట్టే అవకాశమూ మిగిలేది.

ఆ రాత్రి తన బుద్ధిని నమ్ముకున్నవాడు ఒకడున్నాడు. ఎయిర్‌షైర్ అనే చేపల పడవను జలాంతర్గాముల వేటకు మార్చి కాన్వాయ్‌కు తోడు పంపారు. దాని కమాండర్ లెఫ్టినెంట్ లియో గ్రాడ్‌వెల్ యుద్ధానికి ముందు న్యాయవాది. చెదిరిపొమ్మన్న ఆదేశం వచ్చాక అతను మూడు వాణిజ్య నౌకలను కూడదీసుకుని, ఎవరూ వెళ్లడానికి సాహసించని చోటికి, ఉత్తరాన మంచుగడ్డల మధ్యకు తీసుకుపోయాడు. వాటిలో ట్రూబడార్ అనే ఓడలో తెల్ల రంగు దొరికింది. ఇంజిన్లు ఆపి, పొగ రాకుండా చేసి, నావికులు ఓడల పక్కలకూ డెక్కులకూ ఆ రంగు పూశారు. రంగు చాలని చోట దుప్పట్లూ, బల్లల మీద పరిచే గుడ్డలూ కప్పారు. డెక్కు మీద సరుకుగా కట్టి ఉన్న ట్యాంకుల ఫిరంగులకు గుళ్లు ఎక్కించి సిద్ధంగా ఉంచారు. విమానాలకు వాళ్లు కనిపించలేదు. తరువాత రష్యాకు ఉత్తరాన నోవాయా జెమ్ల్యా ద్వీపాల మధ్య ఉన్న మతోచ్కిన్ జలసంధిలో తలదాచుకుని, జూలై 25న మూడు ఓడలతోనూ ఆర్ఖాంగెల్స్క్ చేరారు. దీన్ని ఒక సాహసగాథగా మీకు చెప్పడం లేదు. సముద్రం మీద ఉన్న మనిషికి ఆలోచించే చోటు దొరికితే ఏం చేయగలడో చూపడానికి చెబుతున్నాను.

అలా చెదరకుండా కలిసి పోరాడితే ఏమవుతుందో రెండు నెలలకే తేలింది. సెప్టెంబరులో వెళ్లిన పీక్యూ 18 వెంట చిన్న విమానవాహక నౌక అవెంజర్, బలమైన డిస్ట్రాయర్ల దళం ఉన్నాయి. 40 ఓడల్లో 13 పోయాయి. అదీ తక్కువ నష్టం కాదు, అయినా కాన్వాయ్ కాన్వాయ్‌గానే రేవు చేరింది. ఆ ఏడాది డిసెంబరు 31న బారెంట్స్ సముద్రంలో జేడబ్ల్యూ 51బీ అనే కాన్వాయ్ మీదికి జర్మన్ భారీ నౌకలు నిజంగానే వచ్చినప్పుడు, కెప్టెన్ రాబర్ట్ షెర్‌బ్రూక్ తన డిస్ట్రాయర్లతో అడ్డం నిలబడి, ముఖానికి గాయమై ఒక కంటి చూపు పోగొట్టుకున్నా, ఒక్క వాణిజ్య నౌకనూ పోనివ్వలేదు.

ఇదంతా మనకెక్కడో దూరపు సంగతి అనుకోవద్దు. పీక్యూ 17కు మూడు నెలల ముందు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మా విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజుల్లో మన తూర్పు తీరం వెంట రక్షక నౌకలు లేకుండా వెళుతున్న దాదాపు ఇరవై వాణిజ్య నౌకలను జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో ముంచేసింది. ఆ యుద్ధంలో చనిపోయిన సుమారు 6,000 మంది భారతీయ వాణిజ్య నావికుల పేర్లు ముంబైలోనూ, చిట్టగాంగ్‌లోనూ స్మారక గ్రంథంలో నమోదై ఉన్నాయి. మనవాళ్లు ఇప్పటికీ యుద్ధ జలాల్లోనే పనిచేస్తున్నారు. 2024 జనవరి 26న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో క్షిపణి తగిలి మంటలంటుకున్న మార్లిన్ లువాండా ట్యాంకరులో 22 మంది భారతీయులు ఉన్నారు. సాయానికి వెళ్లి, మంటలు ఆర్పే బృందాన్ని ఆ ఓడ మీదికి పంపింది మన నౌకాదళపు యుద్ధనౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం. మా ఊరి పేరు పెట్టుకున్న ఓడ ఆ పని చేసిందని తెలిసిన రోజు ఇక్కడ నాలాంటి పాత నావికులకు కళ్లు చెమర్చాయి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. సముద్రపు దొంగల బెడద ఉన్న జలాల్లో ఒక రాత్రి మా ఓడకు తీర కార్యాలయం నుంచి సందేశం వచ్చింది: వెంటనే తూర్పుకు తిరిగి గరిష్ఠ వేగంతో వెళ్లండి. ఎందుకని కెప్టెన్ అడిగితే, ఆదేశం పాటించమన్న జవాబే తిరిగి వచ్చింది. దొంగలు వెనకాలే ఉన్నారనుకుని మేము ఇంజిన్‌ను దాని హద్దుకు మించి తోలాం. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు ఎర్ర గీత దాటాయి. తెల్లవారుజామున టర్బోచార్జర్ బేరింగ్ పాడై, నాలుగు గంటల పాటు ఆ సముద్రంలోనే కదలకుండా పడి ఉన్నాం. మమ్మల్ని కాపాడాలనే పంపిన ఆదేశం వల్లే మేము దిక్కులేకుండా నిలబడిపోయాం. తరువాత తెలిసిందేమంటే, ఆ సందేశానికి మూలం ఒక రోజు ముందు, చాలా దూరంలో ఒక అనుమానపు పడవ కనిపించిందన్న ధ్రువపడని కబురు. ఆ ఒక్క ముక్క మాకు చెప్పి ఉంటే, నేను ఆ ఇంజిన్‌ను అలా హింసించేవాణ్ణి కాదు. యంత్రాలకు నూనె పెట్టే మా ఆయిలర్ కుర్రాడు, ఇరవై రెండేళ్లవాడు, ఆ నాలుగు గంటలూ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన జలాల్లోకి వెళ్లబోమని చెప్పే హక్కు ఇప్పుడు అంతర్జాతీయ ఒప్పందాల కింద ఎంతోమంది నావికులకు ఉంది. మంచిదే. కానీ ఏ ప్రమాదంలోకి వెళుతున్నాడో తెలియని కుర్రాడు ఆ హక్కును ఎలా వాడుకుంటాడు? దారి మధ్యలో పరిస్థితి మారినప్పుడు, రేవు దాటి వచ్చేసినవాడికి ఆ హక్కు ఏ మాత్రం అక్కరకొస్తుంది?

రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం మీ నుంచి రావచ్చు. డెనింగ్ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో బ్రూమ్‌కు చెప్పాలని నేను అనడం లేదు. జర్మన్ల గుప్త సంకేతాలను ఛేదించిన సంగతి దాచడం అవసరమే. మూలాన్ని దాచిపెట్టి కూడా, ఇది ధ్రువపడిన వార్త, ఇది మా అంచనా అని చెప్పవచ్చు. అందుకు రెండు మాటలు చాలు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రమాద జలాల్లోని ఓడలకు పంపే ప్రతి ఆదేశంలో సమాచారం ఎన్ని గంటల కిందటిదో, ధ్రువపడిందో లేదో రాయడం తప్పనిసరి చేయండి. మునుపటి సందేశంలోని మాటను దిద్దడానికే మరొకటి పంపుతుంటే, అది సవరణ అని మొదటి మాటలోనే చెప్పండి. కారణం అడిగిన కెప్టెన్‌ను అవిధేయుడిగా చూడకండి. నౌకాయాన శిక్షణ సంస్థల్లో క్యాడెట్లకు 1942 జూలై 4 నాటి ఆ మూడు సందేశాలనూ పాఠంగా చెప్పించండి. వాటిని పంపినవారి స్థానంలో ఒకసారి, అందుకున్నవారి స్థానంలో ఒకసారి వాళ్లను కూర్చోబెట్టండి.

ఇంకొక్క మాట. ఆ సందేశం కెప్టెన్ ఓడను నడిపించే బ్రిడ్జి మీదే ఆగిపోకూడదు. నీటి మట్టానికి దిగువన, యంత్రాల చప్పుడులో పనిచేస్తున్న ఆయిలర్ వరకు, వంటగదిలో ఉన్న కుర్రాడి వరకు, వాళ్లకు అర్థమయ్యే భాషలో అది చేరాలని కూడా ఆ నియమంలోనే రాయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెరైన్ ఇంజినీరు,
విశాఖపట్నం